పాత పికప్ బండిలో ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపు: తరచుగా అడిగే ప్రశ్నలు

సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గానీ అంటుకోదు. చూసిన వాళ్లంతా "పంపు పోయింది" అనేస్తారు. కొత్త పంపు వేశాక కూడా బండి అలాగే ఉంటే అప్పుడు వైర్లు వెతుకుతారు. ఈ వరస తిరగేసి, ముందు వైర్లు, తర్వాతే పంపు చూడాలి. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల తిరిగే పాత పికప్‌ల యజమానులు, డ్రైవర్లు, పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు ఎక్కువగా అడిగేవాటికి ఇక్కడ జవాబులున్నాయి. లెక్కలన్నీ 12 వోల్టుల బండ్లవే.

మా బండికి అసలు ఎలక్ట్రిక్ పంపు ఉందా?

పాత డీజిల్ బండి అయితే చాలామటుకు ఉండదు. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్, పాత టాటా 207 లాంటి బండ్లలో డీజిల్ లాగేది ఇంజిన్‌తో పాటు తిరిగే మెకానికల్ పంపే. సీఆర్‌డీఐ (కామన్ రైల్ ఇంజెక్షన్) డీజిల్ బండ్లలో కొన్నిటికి ట్యాంకు దగ్గర చిన్న ఎలక్ట్రిక్ పంపు ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) బండికి మాత్రం తప్పకుండా ఉంటుంది, దాదాపు అన్నిట్లోనూ ట్యాంకు లోపలే. పాత కార్బరేటర్ బండికి ఎవరో తర్వాత బయట పంపు బిగించి ఉండొచ్చు. కాబట్టి ట్యాంకు పైనా, చాసిస్ పక్కనా ఒకసారి తొంగి చూడండి.

డీజిల్ బండి అయినా కీ తిప్పితే ఇంధనం రావట్లేదు. మరి ఇది ఎలక్ట్రికల్ తప్పు కాదా?

అయ్యుండొచ్చు. రోటరీ ఇంజెక్షన్ పంపు ఉన్న డీజిల్ బండ్లలో చాలావాటికి పంపు మీద స్టాప్ సాలినాయిడ్ ఉంటుంది. కీ ఆన్ చేయగానే దానికి 12 వోల్టులు వెళ్లి "టక్" మని లోపలి దారి తెరుచుకుంటుంది. టక్ వినపడకపోతే దానికి వెళ్లే ఒంటి వైరు చూడండి. ఇంజిన్ అదురుకి ఆ వైరు చివర తెగడం మామూలే. కింద చెప్పిన బల్బు పరీక్ష దీనికీ పనికొస్తుంది. మిగతాదంతా పెట్రోల్ బండి గురించే.

కీ ఆన్ చేస్తే పంపు శబ్దం రావట్లేదు. పంపు పోయినట్టేనా?

అప్పుడే తేల్చకండి. కీ ఆన్ చేయగానే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పంపుని రెండు మూడు సెకన్లు తిప్పి ఆపేస్తుంది, సెల్ఫ్ కొట్టినప్పుడు మళ్లీ తిప్పుతుంది. రోడ్డు పక్కన లారీల హారన్ల మధ్య ఆ "జుయ్" శబ్దం వినపడదు. ట్యాంకు మూత తీసి, అక్కడ చెవి పెట్టి, ఇంకొకరిని కీ తిప్పమనండి. సిగరెట్లు, ఫోన్లు దూరంగా ఉండాలి. వెంటవెంటనే కీ ఆన్, ఆఫ్ చేస్తే కొన్ని బండ్లలో పంపు రెండోసారి తిరగదు. కనీసం అర నిమిషం ఆగండి.

ఇంకో మాట. బ్యాటరీ నీరసంగా ఉంటే పరీక్షలన్నీ తప్పుదారి పట్టిస్తాయి. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. అంతకన్నా తక్కువుంటే ముందు చార్జింగ్ పెట్టండి.

ఏమేం సామాను కావాలి?

డిజిటల్ మల్టీమీటరు, ఎల్ఈడీ టెస్ట్ ల్యాంపు, మధ్యలో 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన రెండు మీటర్ల వైరు, పాత హెడ్‌లైటు బల్బు ఒకటి. హెచ్4 బల్బులో ఒక ఫిలమెంటు కాలిపోయి రెండోది బతికున్నా చాలు, పారేయకండి. క్లాంప్ మీటరు కొంటే డీసీ కరెంటు చూపించేదే కొనండి. ఇంటి వైరింగు పనికి వాడే చౌక క్లాంపుల్లో చాలా వరకు ఏసీ మాత్రమే చూపిస్తాయి, బండి వైరుకి తగిలిస్తే సున్నా అంటాయి. దగ్గర్లో పౌడరు అగ్నిమాపక సిలిండరు కూడా ఉండాలి.

ఫ్యూజు బాగుంది, రిలే టక్ మంటోంది. ఇంకేం చూడాలి?

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్. అది టక్ మన్నంత మాత్రాన కరెంటు దాటుతున్నట్టు కాదు. లోపల కాయిల్ వేరు, కాంటాక్టు వేరు. కాయిల్ లాగితే శబ్దం వస్తుంది, కాంటాక్టు మాత్రం కాలి నల్లబడి ఉండొచ్చు.

రిలే పీకి కింద అంకెలు చూడండి. 30 బ్యాటరీ నుంచి వచ్చేది, 87 పంపుకి వెళ్లేది, 85, 86 కాయిల్ చివరలు. సాకెట్లో 30 దగ్గర కీ ఆఫ్‌లో ఉన్నా 12 వోల్టులు రావడం ఎక్కువ బండ్లలో ఉండే పద్ధతి, కొన్నిట్లో కీ ఆన్ చేస్తేనే వస్తుంది. 85, 86 మధ్య ఎల్ఈడీ ల్యాంపు పెట్టి కీ ఆన్ చేయిస్తే రెండు మూడు సెకన్లు వెలిగి ఆరాలి. వెలిగితే ఈసీయూ తన పని తాను చేస్తున్నట్టు. ఇక్కడ 21 వాట్ల పెద్ద బల్బు పెట్టకండి, ఈసీయూ లోపలి డ్రైవరు ఆ కరెంటుకి తట్టుకోలేక కాలుతుంది. విడి రిలేలో 85, 86 మధ్య నిరోధం సాధారణంగా 60 నుంచి 100 ఓమ్‌ల మధ్య ఉంటుంది.

తర్వాత ఫ్యూజున్న వైరుతో 30నీ 87నీ కలపండి. పంపు తిరిగితే పంపు, దాని వైరు, ఎర్త్ (చాసిస్‌కి కలిపిన నెగటివ్ వైరు) ప్రాథమికంగా బాగున్నట్టే. తప్పు రిలేలో గానీ దాన్ని నడిపించే వైపు గానీ ఉంది. పక్కనున్న హారన్ రిలే అదే అంకెలతో, అదే రకంగా ఉంటే మార్చి పెట్టి చూడటం అన్నిటికన్నా సులువు.

మీటర్లో 12 వోల్టులు చూపిస్తోంది, అయినా పంపు తిరగట్లేదు. ఇదెలా?

బాగున్న పంపులు అన్యాయంగా చెత్తబుట్టలో పడేది ఇక్కడే.

మల్టీమీటరు లోపలి నిరోధం సుమారు 10 మెగా ఓమ్‌లు. అంటే అది వైరులోంచి దాదాపు ఏమీ లాగదు. పంపు కప్లర్‌లో (వైర్లు కలిపే ప్లగ్గులో) పిన్ చిలుము పట్టి, ఒక వెంట్రుక పోగు మాత్రమే ఆనుతోందనుకోండి. మీటరుకి ఆ పోగు చాలు, హాయిగా 12.5 అని చూపిస్తుంది. పంపుకి 5 ఆంపియర్లు కావాలి. ఆ పిన్ దగ్గర అర ఓమ్ నిరోధం ఉన్నా 2.5 వోల్టులు అక్కడే హరించుకుపోయి పంపుకి 10 మాత్రమే అందుతాయి. నాలుగైదు ఓమ్‌లుంటే పంపు కదలదు. అందుకే కప్లర్ ఊడదీసి మీటరు పెట్టి "కరెంటు వస్తోంది, కాబట్టి పంపే పోయింది" అనుకోవడం పెద్ద పొరపాటు.

కప్లర్‌లో బండి వైపు భాగానికి హెచ్4 బల్బు తగిలించండి. 60 వాట్ల ఫిలమెంటు సుమారు 5 ఆంపియర్లు లాగుతుంది, పంపు లాగే కరెంటుతో దాదాపు సమానం. రిలే దగ్గర 30, 87 కలిపి ఉంచండి. బల్బు హెడ్‌లైటులో వెలిగినంత తెల్లగా వెలిగితే ట్యాంకు దాకా వైర్లు బాగున్నాయి, తప్పు ట్యాంకు లోపల ఉంది. నిప్పు కణికలా ఎర్రగా ఉంటే పాజిటివ్ గానీ ఎర్త్ గానీ ఎక్కడో తినేస్తోంది. పరీక్ష జరిగేటప్పుడు వైరుని వేళ్లతో అటూ ఇటూ కదపండి. బల్బు మినుకుమంటే తప్పు చేతికి చిక్కినట్టే. గాజు వెంటనే కాలుతుంది, సీటు మీద పెట్టకండి. ట్యాంకు తెరిచి ఉంటే ఈ పరీక్ష వద్దే వద్దు.

ఎక్కడ తినేస్తోందో ఎలా పట్టుకోవాలి?

పంపు గానీ బల్బు గానీ నడుస్తుండగా మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఎర్ర ప్రోబు బ్యాటరీ పాజిటివ్ మీద, నల్లది పంపు కప్లర్ పాజిటివ్ పిన్ మీద. ఇక్కడ కనిపించేది దారిలో పోయిన వోల్టేజీ. 0.5 లోపు ఉంటే పర్వాలేదు. 1 దాటిందంటే నల్ల ప్రోబుని వెనక్కి జరుపుతూ రండి: రిలే 87, రిలే 30, ఫ్యూజు తర్వాత, ఫ్యూజు ముందు. అంకె ఒక్కసారిగా పడిపోయిన చోటుకీ, దానికి ముందు చూసిన చోటుకీ మధ్యలోనే తప్పు ఉంది. పాత బండ్లలో ఎక్కువగా ఫ్యూజు బాక్సు క్లిప్పు వదులై, వేడికి చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి కనిపిస్తుంది.

ఎర్త్ వైపు: నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్రది పంపు ఎర్త్ పిన్ మీద. 0.2 దాటకూడదు. ఎర్త్ బోల్టు చాసిస్ మీద ఎక్కడో మట్టిలో, గ్రీజులో కప్పబడిపోయి ఉంటుంది. విప్పి, కింద రంగూ తుప్పూ పోయి ఇనుము మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, బిగించి, పైన వాజ్‌లైన్ రాయండి. ఈ పని పావుగంటలో అయిపోతుంది. మా లెక్కలో పంపు కొనే ముందు ఇది చేయకపోవడం డబ్బు మీద కోపం ఉన్నట్టే.

పంపుకి డైరెక్ట్ కరెంటు ఇచ్చి చూడొచ్చా?

చూడొచ్చు, నిప్పురవ్వ ఎక్కడ పుడుతుందో తెలిసి చేస్తే. వైర్లు ముందు పంపు కప్లర్‌కి గట్టిగా తగిలించండి, ఫ్యూజు మాత్రం చివర్లో, ట్యాంకుకి దూరంగా పెట్టండి. రవ్వ వస్తే అక్కడ వస్తుంది. ట్యాంకు దగ్గర తీగలు గీకి చూడటం ప్రాణాంతకం. ప్లస్, మైనస్ తారుమారైతే మోటారు తిరగేసి తిరుగుతుంది, శబ్దం వస్తుంది గానీ ప్రెజర్ రాదు. ఎవరో కప్లర్ కోసి వైర్లు మెలిపెట్టిన బండ్లలో ఈ తప్పు ఉండే అవకాశం ఉంది. పెట్రోల్ లేకుండా పంపుని తిప్పకండి. దాన్ని చల్లబరిచేదీ, లోపల జారుడు ఇచ్చేదీ ఆ పెట్రోలే.

పంపు ఎన్ని ఆంపియర్లు తీసుకోవాలి?

3 బార్ ప్రెజర్ చుట్టూ పనిచేసే ఎంపీఎఫ్ఐ పంపు సాధారణంగా 4 నుంచి 7 ఆంపియర్లు. ఫ్యూజు తీసి ఆ రెండు క్లిప్పుల మధ్య మీటరుని 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి చూడొచ్చు, కానీ చిన్న మీటర్లు ఆ కరెంటుని పది పదిహేను సెకన్లకు మించి ఓర్చుకోవు.

సున్నా అయితే ఎక్కడో తెగింది, లేదా మోటారు బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) అరిగిపోయాయి. 9, 10 దాటితే పంపు బిగుసుకుపోతోంది లేదా ఫిల్టరు మూసుకుపోయి బలవంతంగా తోస్తోంది. తక్కువ కరెంటు, నీరసమైన శబ్దం అంటే వైరులో నిరోధం. తక్కువ కరెంటు, ఈల వేసినట్టు హుషారైన శబ్దం అంటే పంపుకి పెట్రోల్ అందట్లేదు లేదా లోపల హోసు ఊడి పెట్రోల్ ట్యాంకులోనే తిరుగుతోంది. పంపు రెండు పిన్‌ల మధ్య ఓమ్‌లు కొలిచి బాగుందనో పోయిందనో చెప్పేయకండి. మామూలుగానే అది ఒకటి రెండు ఓమ్‌లు, చవక మీటరు తప్పే అంత ఉంటుంది.

రెండు సెకన్లు తిరిగి ఆగిపోతోంది. సెల్ఫ్ కొడుతుంటే తిరగట్లేదు.

పంపు మీద అనుమానం తీసేయండి. ఇంజిన్ తిరుగుతోందన్న కబురు ఈసీయూకి అందట్లేదు, అందుకే అది పంపుని ఆపేస్తోంది. ప్రమాదంలో బండి బోల్తా పడితే పెట్రోల్ కారకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. ఆ కబురు పంపే క్రాంక్ సెన్సరు, దాని కప్లరు చూడండి. స్పార్కు కూడా రావట్లేదంటే అనుమానం బలపడుతుంది.

కీ ఆన్‌లో కూడా ఏమీ రావట్లేదు, 85, 86 మధ్య ల్యాంపు వెలగట్లేదు. ఈసీయూ పోయిందా?

ఈసీయూ దాకా పోకముందు డాష్‌బోర్డు కింద చేయి పెట్టి చూడండి. సెకండ్ హ్యాండ్ పికప్‌లకి పాత యజమాని దొంగల భయంతో పెట్టించిన కట్ స్విచ్ స్టీరింగు కింద దాగి ఉంటుంది. కొన్నవాళ్లకి అది ఉందనే తెలియదు, కాలు తగిలి ఆఫ్ అవుతుంది. జీపీఎస్ ట్రాకర్లలో కొన్ని పంపు వైరుని కోసి మధ్యలో తమ చిన్న రిలే పెడతాయి. ఆ రిలేదీ, ఆ అతుకుదీ నాణ్యత ఎలా ఉందో దేవుడికెరుక. ఫ్యాక్టరీ వైర్ల మీద చుట్టిన టేపు నీటుగా ఉంటుంది. మధ్యలో వేరే రంగు టేపు ముద్దగా కనపడితే మొదట అదే విప్పండి. ఆ తర్వాత కీ ఇమ్మొబిలైజర్ (అసలు కీ కాకపోతే ఇంజిన్‌ని అంటుకోనివ్వని ఏర్పాటు) లైటు, ఈసీయూకి కరెంటు ఇచ్చే మెయిన్ రిలే, ఈసీయూ ఎర్త్ వరసగా చూడాలి.

పొద్దున బాగుంటుంది. మధ్యాహ్నం ఎండలో ఆగిపోయి, గంటకి మళ్లీ స్టార్ట్ అవుతోంది.

ఎండాకాలంలో గుంటూరు మిర్చి యార్డు ముందు క్యూలో నిలబడ్డ బండికి ఇది మామూలు ఫిర్యాదు. వేడికి పంపు మోటారు, రిలే, క్రాంక్ సెన్సరు మూడూ ఇలాగే ప్రవర్తిస్తాయి. షెడ్డుకి తెచ్చేసరికి చల్లబడి అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. కాబట్టి ఆగిన క్షణంలోనే పట్టుకోవాలి.

పంపు కప్లర్ పాజిటివ్ వైరు నుంచి ఒక సన్నటి వైరు, మధ్యలో 1 ఆంపియర్ ఫ్యూజు, క్యాబిన్లోకి లాగి ఎల్ఈడీ ల్యాంపుకి ఇవ్వండి, రెండో కొస ఎర్త్‌కి. నాలుగు రోజులు అలాగే తిప్పండి. బండి ఆగగానే సెల్ఫ్ కొడుతూ ల్యాంపు చూడమని డ్రైవరుకి చెప్పండి. వెలుగుతుంటే కరెంటు వెళ్తోంది, తప్పు పంపుది లేదా దాని ఎర్త్‌ది. ఆరిపోయి ఉంటే రిలే, ఫ్యూజు, సెన్సరు వైపు వెళ్లండి. ఇది తేలకుండా సామాను మార్చడం చీకట్లో బాణం వేయడమే.

ట్యాంకు కింద కొడితే స్టార్ట్ అవుతోంది. కొన్నాళ్లు లాగొచ్చా?

మోటారు బ్రష్‌లు అరిగిపోయి కమ్యూటేటరుకి (తిరిగే రాగి భాగానికి) ఆనట్లేదు, దెబ్బకి కాస్త కదిలి ఆనుతున్నాయి. రబ్బరు సుత్తితో కొట్టి ఇంటికి చేరుకోండి, ఇనుప రాడ్డుతో మాత్రం వద్దు. మర్నాడు పంపు మార్చండి. లోడుతో కాజ టోల్ గేటు దాటాక హైవే మధ్యలో ఆగితే ఆ రోజు కిరాయి పోవడమే కాదు, వెనక వచ్చే లారీతో ప్రమాదం.

2024 వరదలో బండి మునిగింది. అప్పటి నుంచి అప్పుడప్పుడు ఆగుతోంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట వైపు నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. అలా మునిగిన బండిలో నీళ్లు కప్లర్లలోనే ఆగవు. రాగి పోగుల మధ్యనుంచి ఇన్సులేషన్ లోపలికి పాకుతాయి. పైకి వైరు కొత్తగానే ఉంటుంది. కోసి చూస్తే పచ్చటి చిలుము, పోగులు పొడిలా రాలతాయి. ఒక అంగుళం కోసి చూసి, ఇంకా పచ్చగా ఉంటే ఇంకో అంగుళం, ఎర్రటి మెరిసే రాగి వచ్చేదాకా కోయండి. మరీ లోపలిదాకా పోతే రిలే నుంచి ట్యాంకు దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు కొత్తది లాగడమే మేలు. అతుకులు క్రింపు చేసి పైన హీట్ ష్రింకు వేయండి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు వచ్చే వానాకాలానికి మళ్లీ చిలుమే.

ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోల్ గాజు సీసాలోకి తీసి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీళ్లున్నాయి. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ ఉంది కదా, అది నీళ్లని పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కి దిగుతాయి, పంపు పీల్చేది కూడా అడుగునుంచే. అలాంటప్పుడు ట్యాంకు దించి కడగాల్సిందే.

ఫ్యూజు పదేపదే పోతోంది. పెద్దది వేయొచ్చా?

వద్దు. 15 ఆంపియర్ల ఫ్యూజు నీలం రంగులో, 20ది పసుపు రంగులో ఉంటుంది. 15 ఉన్న చోట 30 వేస్తే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది, అది ట్యాంకు దాకా వెళ్లే వైరు. పంపు కప్లర్ ఊడదీసి కొత్త ఫ్యూజు వేయండి. ఇంకా పోతే వైరు చాసిస్ అంచుకి రాసుకుని షార్ట్ అవుతోంది. ట్రాలీ కింద బ్రాకెట్ల దగ్గర, సైలెన్సరు పక్కన చూడండి. పోకపోతే పంపు బిగుసుకుంది.

సీఎన్‌జీలో బాగా నడుస్తోంది, పెట్రోల్‌కి మార్చగానే ఆగిపోతోంది.

దీనివల్ల సగం పని తగ్గింది. ఇంజిన్, స్పార్కు, క్రాంక్ సెన్సరు బాగున్నాయని సీఎన్‌జీయే చెప్తోంది. ఇక పంపు, దాని వైరు, ఫిల్టరు, పెట్రోల్ ఇంజెక్టర్లు మిగిలాయి. గ్యాసు మీద తిరుగుతున్నాం కదా అని పెట్రోల్ రెండు లీటర్లే ఉంచే అలవాటు చాలామందికి ఉంది. పంపు మునిగి ఉండేంత, కనీసం పావు ట్యాంకు ఉంచండి. వారానికి ఒకసారి ఐదారు కిలోమీటర్లు పెట్రోల్ మీద నడపండి.

పంపు మార్చేటప్పుడు ఏవి మర్చిపోతారు?

ముందు లైన్లో ప్రెజర్ తీయాలి. ఇంజిన్ నడుస్తుండగా పంపు ఫ్యూజు పీకితే తనంతట ఆగిపోతుంది, స్టార్ట్ కాని బండి అయితే గుడ్డ చుట్టి నెమ్మదిగా పైపు యూనియన్ (బిగింపు నట్టు) వదులు చేయండి. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ట్యాంకులో పెట్రోల్ తక్కువున్నప్పుడే ఈ పని పెట్టుకోండి, బరువూ తగ్గుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది.

ట్యాంకు లోపలి హోసు మామూలు ఫ్యూయల్ పైపు కాకూడదు. అది లోపలివైపు పెట్రోల్‌కి తట్టుకుంటుంది గానీ, బయటివైపు మునిగితే ఉబ్బి మెత్తబడుతుంది. మునిగి ఉండే రకం, ఎస్ఏఈ జె30 ఆర్10 అని ముద్ర ఉన్నది అడగండి. లోపలి అతుకులకి కరెంటు టేపు వేయకండి, బంక కరిగి ఫిల్టరులో చేరుతుంది. అడుగున ఉండే జాలీ ఫిల్టరూ, మూత కింద రబ్బరు రింగూ కొత్తవే వేయండి.

ఆటోనగర్‌లో కొనేటప్పుడు ఏం చూడాలి?

విజయవాడ ఆటోనగర్ అయినా గుంటూరు అయినా పాత పంపు చేతిలో పట్టుకుని వెళ్లండి. మోడల్, సంవత్సరం చెబితే చాలదు. ఒకే మోడల్లో రెండు రకాల కప్లర్లు వస్తాయి, గేజి ఫ్లోటు పొడవు తేడా ఉంటుంది. ప్రెజర్ ఎంతో మాన్యువల్లో చూసి అదే అడగండి. కార్బరేటరు బండి పంపు చూడటానికి అలాగే ఉన్నా 3 బార్ ఇవ్వలేదు. ఎలక్ట్రికల్ సామాను ఒకసారి కరెంటు తగిలాక చాలా షాపుల్లో వెనక్కి తీసుకోరు, కౌంటరు మీద బోర్డే ఉంటుంది. అందుకే బల్బు పరీక్ష అయ్యాకే ఆటోనగర్ వైపు బయల్దేరండి. బిగించాక కీ మూడు నాలుగు సార్లు, మధ్యలో అర నిమిషం ఆగుతూ, ఆన్, ఆఫ్ చేసి లైను నిండనిచ్చి, కీళ్ల దగ్గర చెమ్మ ఉందేమో వేలితో తడిమి చూసి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి.